పరీక్షకిచ్చిన నీరు

వానకారు మేఘములు నీరు వట్టి తెల్లనై నలుదిక్కులకును జెదరిపోవఁగా ఆకాశము కడిగి యారవేసిన నీలపట్టువలె విప్పారియుండెను. రెండుమాసములు ఎఱ్ఱని వరదతో ఘోషించిన గౌతమి తన గట్టుల నడుమకు దిగి యిసుకతిన్నెల నొక్కొక్కటిగా బయటపెట్టుచు రెల్లుపూవుల తెల్లఁదనమును రెండుదరులను ధరించి మెల్లగా సముద్రాభిముఖియై సాగుచుండెను. అది ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాఁటి ప్రాతఃకాలము. దేవీనవరాత్రులకై వీధివీధిని వెలసిన పందిళ్ళలో మామిడాకు తోరణములు కట్టువారి కేకలును నాటకసమాజపు మేడలపై గొంతులు సవరించుకొను నటకుల రాగాలాపములును వీణలకు తంత్రులు బిగించు విద్వాంసుల మృదుధ్వనులును పూలబండ్ల యెడ్ల మెడగంటలును కలగలిసి యా ప్రాచీన నదీతీరనగరమును నిదురలేపుచుండెను. సాయంకాలమైనచో నొక వీధిని హరికథ, మఱియొక వీధిని పద్యనాటకము, వేఱొక వీధిని అవధానము. ఏ సందున నడిచినను సరస్వతి యెదురుపడునట్టి నగరమది. అట్టి యుత్సవకాలముననే, నిర్మలమని యెల్లరును మెచ్చుకొను శరత్కాలజలముననే, కంటికిఁ గానరాని మృత్యువు పొంచియుండెనని నాఁడెవ్వరును నెఱుఁగరు.

ఆ నగరమున గ్రంథములను శోధించువారు పలువురు గలరు. నీటిని శోధించువాఁడొక్కఁడే యుండెను. అతని పేరు యేలేశ్వరపు కోదండపాణి. ముప్పదిరెండేండ్లవాఁడు. చెన్నపట్టణమున శాస్త్రవిద్య నభ్యసించి పట్టము పొంది, నదీతీరనగరముల జలమునకును జాడ్యములకును గల సంబంధమునుగూర్చి యొక గ్రంథము వ్రాయ సంకల్పించి రెండు సంవత్సరములుగా నిచ్చట నివసించుచుండెను. వివాహము మాట యెవరైన నెత్తినచో గ్రంథము ముగియనిండని నవ్వి తప్పించుకొనుచుండెను. పురజనులతనికి నీళ్ళపంతులని పేరు పెట్టిరి. ఆ పేరునకతఁడు నొచ్చుకొనలేదు.

అతని దినచర్య గడియారపు ముల్లువంటిది. తెల్లవాఱకమున్నే లేచి గోదావరీస్నానము చేసి సంధ్యవార్చుకొని, ముందునాఁడు ఉడికించి మూతులకు కాగితము చుట్టి యుంచిన పదునాలుగు గాజుసీసాలను వెదురుబుట్టలో నమర్చుకొని బయలుదేఱును. స్నానఘట్టములును వీధికుళాయిలును పేటలలోని నూతులును తిరిగి సీసాలు నింపుకొని, పుస్తకములు కుట్టు దుకాణముపైనున్న తన రెండుగదుల పరీక్షాశాలకు చేరును. ప్రక్కమేడపై నాటకసమాజమువారొకే పద్యమును పదిమాఱులు పాడుచు పదునొకండవమాఱు తాళము తప్పుచుండఁగా నతఁడు కిటికీయొద్ద సూక్ష్మదర్శినిపై వంగి నీటిబొట్టులలోని లోకములను జూచుచుండును. సూక్ష్మక్రిములను బెంచుటకు మాంసరసము వలయును. పుట్టి బుద్ధెఱిఁగి మాంసమును దాఁకని వంశమునఁ బుట్టిన యాతఁడు గాజుగొట్టములలో నా రసమును నింపునపుడెల్ల లోలోపల గాయత్రి జపించుకొనుచుండెను. పని ముగిసినపిమ్మట తలస్నానము చేయక సాయంసంధ్యకుఁ గూర్చుండఁడు. అటుపిమ్మట నేదోయొక పందిరిలో వెనుకవరుసను జేరి పురాణమో హరికథయో విని యింటికిఁ బోవును. శాస్త్రమును ఆచారమును తన బ్రతుకులో నొకదాని నొకటి యొరయకుండ నడుపుకొనుచున్నాననియే యతని విశ్వాసము.

ప్రతిదినఫలితమును నతఁడొక పెద్దపుస్తకమున కెక్కించుచుండెను. అందొక్కొక్క నీటితావునకు నొక్కొక్క వరుస. మాలిన్యము గనఁబడినచో నెఱ్ఱచుక్క పెట్టును. ఎఱ్ఱచుక్కలు లేని వరుస లేదు, ఒక్కటి తప్ప. కోనూరివారి సత్రపు నుయ్యి అను వరుసలో రెండు సంవత్సరములలో నొక్క యెఱ్ఱచుక్కయు లేదు. ఆ నూతియడుగున గల సన్నని యిసుకపొరలే నీటిని వడగట్టుచున్నవని యతఁడు నిశ్చయించి తన గ్రంథమంతటికిని ఆ నూతినే మూలస్తంభముగా నిలిపెను.

కోనూరివారి సత్రము దూరదేశములనుండి వచ్చు విద్వాంసులకును భాగవతులకును అన్నము పెట్టు స్థలము. లోపలిపెరటిలో చిన్న అన్నపూర్ణాలయమును దాని ప్రక్కను నుయ్యియు నుండెను. కోదండపాణి యక్క బాపనమ్మ యచ్చట వంట చేయుచుండెను. ఆమె పదుమూఁడవయేట వైధవ్యము పొంది పుట్టినింటికి వచ్చినది. మఱుసంవత్సరమే తల్లి నెలలబిడ్డఁడైన కోదండపాణిని విడిచి మరణింపఁగా ఆ బిడ్డను తన బిడ్డగా నెత్తుకొన్నది. తమ్ముఁడీ నగరమునకు రాఁగా తానును వెంటవచ్చి, యొకరిపై భారము మోపనొల్లక సత్రమున వంటకుఁ గుదిరినది. అతని భోజనమును అచ్చటనే.

మాంసరసము ముట్టు చేతితో నూతిగిలకను ముట్టరాదని మొదటినాఁడే ఆమె యాజ్ఞ యైనది. అది తనకును న్యాయముగనే తోఁచినది. కావున ప్రతిదినమును నతఁడు పెరటిగడపకు వెలుపల రాతిమెట్టుపై మూతతీసిన సీసా నుంచి, నూతినీరు కావలెనని చెప్పి, దూరముగాఁ దొలఁగి నిలుచును. ఆమె మడిచీరతో లోపలికిఁ బోయి చెంబుతో నీరు తెచ్చి సీసాను దాఁకకుండ నెత్తునుండి సన్ననిధారగాఁ బోయును. గడపకును నూతికిని నడుమ అడ్డుగోడ యుండుటచే ఆమె లోపల నేమి చేసినదియు నతనికిఁ గానరాదు. పరీక్షకై యచ్చొత్తించిన కాగితములలో ‘నీటిని తోడినవారెవరు’ అను ప్రశ్న యొకటి గలదు. తక్కిన పదుమూఁడు సీసాలకును వలెనే దీనికిని నతఁడు ‘పరీక్షకుఁడే’ యని వ్రాసెను. మొదటినాఁడు వ్రాయునపుడు కలమొకింత యాఁగెను. తరువాత నాఁగలేదు.

ఆ పాడ్యమినాఁడును నతఁడట్లే మెట్టుపై సీసా నుంచి నిలిచియుండఁగా, నవరాత్రులలో తొమ్మిది కథలు చెప్పుటకు వచ్చి సత్రమున దిగియున్న చిట్టిదాసు అను హరిదాసు అరుగుపై కాళ్ళు చాఁచి కూర్చుండి చూచుచుండెను. ఆయన స్థూలకాయుఁడు. నోరూరకుండని మనిషి.

“ఏవండోయ్ నీళ్ళపంతులుగారూ! లోకంలో అందరూ నీళ్ళు తాగి బతుకుతారు. మీరొక్కరే నీళ్ళు చూసి బతుకుతున్నారు.”

“తాగేముందు చూడాలి గదండీ దాసుగారూ.”

“చూస్తే దాహం తీరుతుందా? బాపనమ్మగారూ, ఈయనకి పెళ్ళి చేశారో, పెళ్ళికూతుర్ని గూడా ఆ గాజుకళ్ళ గొట్టంలో పెట్టి చూస్తాడు. తరవాత మీ ఇష్టం!”

బాపనమ్మ నవ్వు నాపుకొని ధార తప్పకుండఁ బోయుచుండెను. “చూడనివ్వండి బాబూ. అలాగైనా ఓ పిల్లని చూశాడన్న మాట దక్కుతుంది. ఒరేయ్ నాన్నా, అల్లంత దూరం జరుగు. నీ నీడ మడిమీద పడుతోంది.”

“నీడక్కూడా మైలేనా అక్కయ్యా?”

“మాంసప్పులుసు కాచే చేతుల నీడ మరి! మధ్యాన్నం వేళకి రా. నిన్నట్లా పప్పు చల్లారబెట్టుకు తింటే ఊరుకోను.”

తదియనాఁడు నదియొడ్డు పేటలో ముగ్గురికి వాంతులును భేదులును బుట్టి సూర్యాస్తమయములోఁగా నిరువురు మరణించిరి. మరిడిజాడ్యము వచ్చినదను వార్త పందిరినుండి పందిరికిఁ బ్రాఁకెను. మఱునాఁడు నగరపు టారోగ్యాధికారి నూతులన్నిటను బ్లీచింగుపొడి వేయింప నుత్తరువు చేసి, ఎచ్చటి నీరెట్టిదో చెప్పుటకు కోదండపాణిని బిలిపించెను. అతఁడు పుస్తకమును జంకఁబెట్టుకొని బయలుదేఱుచుండఁగా సత్రపు ధర్మకర్త పేరిశాస్త్రి పరీక్షాశాల మెట్లెక్కి రొప్పుచు వచ్చెను. ఆయన డెబ్బదియేండ్ల నిష్ఠాపరుఁడు. మాట కరకు, మనసు మెత్తన.

“కోదండం, నవరాత్రుల్లో అమ్మవారికి ఆ కంపుపొడి కలిపిన నీళ్ళతో అభిషేకం చెయ్యమంటావా? నా ప్రాణం ఉండగా జరగదది.”

“మీ నూతికి అక్కర్లేదండీ. రెండేళ్ళలో దానికో మచ్చ లేదు.”

“ఆ ముక్కే కాగితం మీద పెట్టు బాబూ. దొరల చదువు చదివినవాడివి, నువ్వంటే వింటారు.”

“పెడతాను. నేను తాగేదీ ఆ నీళ్ళే గదండీ.”

అతఁడు వ్రాసి సంతకము చేసెను. ఆరోగ్యాధికారి పుస్తకములోని వరుసను రెండుమాఱులు చూచి యొప్పుకొనెను. తక్కిన నూతులన్నిటను తెల్లనిపొడి పడినది. కోనూరివారి నుయ్యి మాత్రము విడువఁబడినది. పేరిశాస్త్రి యుబ్బిపోయి ‘శాస్త్రముచేఁ బరీక్షింపఁబడిన శుద్ధజలము’ అని పలకపై వ్రాయించి సత్రపు సింహద్వారమునకుఁ గట్టించెను. మందువాసనకు ముక్కు మూసికొనిన జనము నాలుగు పేటలనుండి బిందెలతో నచ్చటికి వరుసలు కట్టిరి. మృత్యుభీతులైన తల్లులు తమ బిడ్డలకా నీటినే పట్టి యూరట చెందిరి. మెట్టుపై నిలిచి యా వరుసలను జూచిన కోదండపాణికి తన చదువు సార్థకమైనదను సంతోషము గలిగెను. మనుష్యునకు గర్వము పాపరూపమునఁ గాక పుణ్యరూపమున వచ్చునపుడు దానిని బోల్చుకొనుట యెవ్వరితరము?

పంచమినాఁటి యుదయమున చిట్టిదాసు మంచమునుండి లేవలేదు. మధ్యాహ్నమునకా స్థూలకాయము పిండిన వస్త్రమువలె ముడుచుకొనిపోయెను. కన్నులు లోఁతునకు దిగెను. ముందునాఁటి రాత్రి మూఁడువేలమందిని నవ్వించిన గొంతు గుసగుసగా మాఱెను. కోదండపాణి ప్రక్కను గూర్చుండి కాళ్ళు రాయుచుండఁగా నాయన కన్నుదెఱచి చూచెను.

“పంతులుగారూ, నా కథ మంగళహారతి లేకుండానే ముగిసేట్టుంది. పళ్ళెం పట్టడానికి గూడా లేకపోయె.”

“అట్లా అనకండి. డాక్టరుగారు వస్తున్నారు.”

“ఆయనొచ్చేలోగా ఆ నూతినీళ్ళు కాసిని పొయ్యండి. పరీక్షించిన నీళ్ళు గదా, నాలికకైనా ధైర్యంగా ఉంటుంది.”

కోదండపాణి మంచముప్రక్కనున్న చెంబునెత్తి పోసెను. దీపములు పెట్టువేళకు దాసుగారు గతించిరి.

ఆ దినమున నింపిన సీసాను నతఁడు మఱింత జాగ్రత్తతోఁ బరీక్షించెను. క్రిములు పెరిగినచో మసకబాఱవలసిన గొట్టములు స్ఫటికములవలె స్వచ్ఛముగా నుండెను. పాలవలన వచ్చినదేమో యనుకొనెను. పందిళ్ళలో నమ్ము మిఠాయిలవలన, ఈఁగలవలన వచ్చినదేమో యనుకొనెను. షష్ఠినాఁడు సత్రమున నొక వీణ విద్వాంసుఁడును ఇరువురు వడ్డనవారును, ద్వారముకడ నీరు పట్టుకొనిపోయిన వీధులలో తొమ్మిదిమందియు జాడ్యమునఁ బడిరి. ఆరోగ్యాధికారి మనుష్యుని బంపి సత్రపు నూతిని మఱల విచారింప నడిగెను. కోదండపాణి యానాఁటి గొట్టములను వెలుతురునకుఁ బట్టి చూచెను. స్వచ్ఛములే. ఎదుట చచ్చుచున్నవారి సాక్ష్యముకంటె గాజుగొట్టపు సాక్ష్యమే గట్టిదని యెంచి, నీరు నిర్దోషమని మఱల వ్రాసి పంపెను.

సప్తమినాఁడు ప్రొద్దున మెట్టుపై సీసా నుంచి అక్కయ్యా యని పిలిచెను. పలుకు లేదు. రెండవమాఱు పిలిచెను. వంటయింటి ప్రక్కగదినుండి మూలుగువంటి సమాధానము వచ్చెను. ద్వారమునకు వెలుపల నిలిచి చూడఁగా బాపనమ్మ చాపపైఁ బడియుండెను. ఒక్కరాత్రిలో ఇరువదియేండ్లు మీఁదఁబడినట్లు ముఖము వాడిపోయెను. ఆ ముఖము నతఁడు రెండుదినములుగా మంచము మంచమునను జూచుచున్నాఁడు. కావున నడుగవలసినదేమియు లేకపోయెను.

“లోపలికి రాకురా. గది మడి పోతుంది.”

“పోనీ అక్కయ్యా!” అని యతఁడు గడప దాఁటి యామె చేయి పట్టుకొనెను. అది మంచువలె నుండెను.

“నీ సీసా మాట మరిచాను నాన్నా. శాస్త్రిగారిని పొయ్యమను. బిందెలో ఉన్నాయి.”

“బిందెలోవి ఎందుకు? నూతిలోవి గదా నాక్కావాలి.”

“నూతిలోవేరా. నిన్న సాయంత్రం తడిబట్టతో తోడి పోశాను. అమ్మవారి రాగిబిందె. చింతపండు పెట్టి తోమి తులసేసి సన్నిధిలో ఉంచుతాను. పొద్దున్న అభిషేకానికి అవే. నీ సీసాకీ అవే.”

కోదండపాణి చేయి యామె చేతిపై నట్లే నిలిచిపోయెను.

“ఎప్పటినుంచీ అక్కయ్యా?”

“ఎప్పటినుంచేవిట్రా, మొదట్నుంచీను! ఎక్కడో పట్నంలో పెద్దలు చూసే పరీక్షాయె. నలుగురూ చేదలు ముంచే నీళ్ళు ఇస్తానా? పరీక్షకిచ్చేటప్పుడు మంచివి ఇవ్వద్దూ? నీకు విస్తరి దగ్గర పెట్టేవీ అవే.”

“మరి నువ్వు?”

“నాకెందుకురా బిందెలోవి? అమ్మవారికీ నీకూ చాలద్దూ! నేను చేదలోవి దోసిలి పట్టి తాగేస్తాను.”

రాగిపాత్రమున నొక రాత్రి నిలిచిన నీటిలో మరిడిని బుట్టించు విషూచిక్రిములు బ్రతుకవని చెన్నపట్టణమున మొదటి సంవత్సరముననే యతఁడు చదివియుండెను. ఎట్టి మలిన జలమైనను రాగితో రాత్రి గడపినచో నిర్మలముగాఁ గనఁబడునని యతఁ డెఱుఁగును. ఎఱుఁగనిది తన యక్క మనస్సొక్కటియే. ఇసుకపొరలును, వాని వడపోఁతయు, రెండేండ్ల గ్రంథమును, ద్వారమునఁ గట్టిన పలకయు, నీటి వరుసలో నిలిచిన తల్లులును, దాసుగారి నాలుకపైఁ దాను పోసిన గ్రుక్కెఁడు నీరును ఒక్కమాఱుగ నతని యెదుట నిలిచెను.

అతఁడు వైద్యునికిఁ గబురంపి, సీసాను బుచ్చుకొని యడ్డుగోడ దాఁటి నూతిగట్టెక్కెను. గుడిమెట్లపై జపము చేసికొనుచున్న పేరిశాస్త్రి యులికిపడి లేచెను.

“ఆగాగు! ఆ చేతుల్తో గిలక ముట్టుకుంటావా? నుయ్యంతా మైలవుతుంది!”

“అయ్యే ఉందండీ శాస్త్రిగారూ. నాకే తెలియలేదు.”

అని చేద విడిచి తోడి సీసా నింపుకొని పోయెను. ఆ నూతి నీటిని తన చేతితోఁ దోడుట యతనికదియే ప్రథమము. గట్టున నిలిచి చూచినపుడు, సత్రపు వెనుకనున్న మురికికాలువ కట్టు వరదలలో విరిగి నూతివైపునకు నాని పాఱుచున్నదియు నతనికిఁ గనఁబడెను. అదియును నిన్న మొన్న విఱిగినది గాదు. నాచు పట్టియుండెను.

మూఁడవజాము కాకమున్నే మాంసరసపు గొట్టములలో నీరు పాలవలె విఱిగెను. సూక్ష్మదర్శిని క్రింద కొడవళ్ళవలె వంగిన క్రిములు కోట్లకొలఁది యీఁదులాడుచుండెను. ప్రక్కమేడపై పద్యము సాగుచునేయుండెను. ఈమాఱు తాళము తప్పలేదు.

అతఁడు పరుగునఁ బోయి యారోగ్యాధికారిని వెంటఁబెట్టుకొని వచ్చి నూతికి మూఁత వేయించి పలకను తన చేతితో నూడఁబీకెను. ద్వారముకడ నిలిచిన జనము బిందెలు దించిరి. వారిలో నొక స్త్రీ బిందెలోని నీటిని కాలువలో వంచి యతని ముఖమువంక నొక్కమాఱు చూచి వెడలిపోయెను. పేరిశాస్త్రి మాత్రము వచ్చి యతని భుజము పట్టుకొనెను.

“మచ్చలేదని నువ్వే గదయ్యా రాశావూ! మరి రెండేళ్ళూ నువ్వు పరీక్షించిందేవిటి?”

“మీ నూతిని గాదండీ. మా అక్క బిందెను.”

పుస్తకమున నా వరుస నతఁడు తెఱచి చూచెను. అందలి ఫలితములలో నొక్కటియు నసత్యము గాదు. ప్రతిదినమును నతఁడు చూచినదే వ్రాసెను. తలకట్టు మాత్రమే యసత్యము. ‘కోనూరివారి సత్రపు నుయ్యి’ అను మాటలను గొట్టివేసి ‘అమ్మవారి రాగిబిందె’ యని వ్రాసెను. పిమ్మట తోడినవారెవరను ప్రశ్నకెదుట ‘పరీక్షకుఁడే’ యని తానుంచిన మాటలను ఒక్కొక్క కాగితమునఁ గొట్టివేయ మొదలిడెను. అవి ఏడువందలకు మించియుండెను. పదికాగితములు కొట్టివేసి కలము క్రిందఁబెట్టి సత్రమునకుఁ బోయెను.

వైద్యుఁడు నరములలోనికి ఉప్పునీరెక్కించెను. ఒక జాముపాటు బాపనమ్మ ముఖమున వెలుఁగు గనఁబడి మఱల నాఱిపోయెను. ఆమెకు దాహము. కోదండపాణి తన పరీక్షాశాలలో కాఁచి చల్లార్చి తెచ్చిన నీటిబుడ్డిని నోటికందిచ్చెను. ఆమె పెదవులు బిగించుకొనెను.

“ఆ బుడ్డిలోవా? ఏం కాచావో అందులో! చచ్చేటప్పుడు నా నోరు మైల చెయ్యకురా.”

“కాచిన నీళ్ళు అక్కయ్యా. బతుకుతావు.”

“బతికి ఆ నోటితో అమ్మవారి పేరెలా తలుచుకోను? బిందెలోవి ఇయ్యి. నాకూ ఒక్కసారి ఇయ్యి.”

అతఁడు లేచి సన్నిధికిఁ బోయెను. బిందె నిండుగనే యుండెను. ఆ సత్రపు నీటిలో నాఁడు నిర్భయముగాఁ ద్రాగఁదగిన నీరదియొక్కటియే యని యతనికిఁ దెలియును. తెలిసికొనుట కిరువదినాలుగు గంటలు ముందైనచో నదియే యామెకు ప్రాణమగునని కూడఁ దెలియును. చెంబుతో ముంచి తెచ్చి యెత్తునుండి సన్ననిధారగా నామె నోటఁ బోసెను. ఆమె తృప్తిగా మ్రింగెను.

“నీళ్ళు బాగున్నాయా నాన్నా? పరీక్షలో ఏం వచ్చింది?”

ఆమె యడిగినది తన సీసాను గూర్చి. రెండేండ్లుగా నామె యడుగని ప్రశ్న యది. కోదండపాణి చెంబు క్రిందఁబెట్టెను.

“బాగున్నాయి అక్కయ్యా. నువ్వు పోసిన నీళ్ళలో ఎప్పుడూ ఏ దోషమూ రాలేదు.”

“మరి! తోమేది నేను గదూ” అని యామె కన్నులు మూసికొనెను. మహాష్టమినాఁటి సూర్యోదయమున బాపనమ్మ తనువు చాలించెను.

విజయదశమి నాఁటికి ఆ నూతినీరు త్రాగినవారిలో ఇరువది యేడుగురు గతించిరి. నూతికి మందు వేసినపిమ్మట కొత్తగాఁ బడినవారు లేరు. కోదండపాణి విశ్వవిద్యాలయమునకుఁ దన గ్రంథమును విరమించుకొనుచున్నట్లు జాబు వ్రాసెను. ఆరోగ్యాధికారికిచ్చిన నివేదికలో, నీటిని దాను తోడలేదనియు తోడితినని వ్రాసిన ప్రతిమాటయు ననృతమనియు దాఁచక తెలిపెను. అందు తన యక్క పేరును మాత్రము వ్రాయలేదు. ఆచారమును శాస్త్రమును ఒరయకుండ నడుపుకొనుటకై తానొక చిన్న యబద్ధమును వాని నడుమ మెత్తగాఁ బఱచియుంటినని యతనికిఁ దెలిసినది.

ఇందు దోషమెవరిదని విచారించువారు నగరమునఁ బలుతెఱఁగులఁ బలికిరి. మడి చంపినదని కొందఱు, మాంసరసపు పాపమని కొందఱు ననిరి. దైవమునకు శ్రేష్ఠమైనది నివేదించుట భక్తియని మనమెల్లరము నెఱుఁగుదుము. మన యింటికి వచ్చిన యతిథికిని మన బిడ్డకును శ్రేష్ఠమైనదియే పెట్టుదుము. సత్యము మన గడపకు వచ్చి సీసా పట్టి నిలిచినపుడు దానికేమి పోయవలెనో ఆ బాపనమ్మకు నేర్పినవారెవరు? నేర్పవలసినవాఁడు గడపకు వెలుపల నిలిచి తన నీడను ప్రక్కకుఁ దీసికొనుచుండెను.

అత్తవారి వంశమున కర్త లేకపోవుటచే బాపనమ్మకు తమ్ముఁడే యుత్తరక్రియలు చేసెను. పదియవనాఁటి ప్రొద్దున రేవులో జనము పలుచగా నుండెను. పందిళ్ళు విప్పిన వాసములను బండ్లపై దీసికొనిపోవుచుండిరి. పురోహితుఁడతని చేతిలో నువ్వులుంచి యనెను.

“మీ అక్కగారిని తలుచుకుని మూడుమాట్లు నీళ్ళు వదలండి బాబూ. తొందరేం లేదు.”

కోదండపాణి మోఁకాలిలోఁతు నీటిలో నిలిచి దోసిలి పట్టి ముంచెను. ఆ రేవునీరెట్టిదో ఆ నగరమున నతనికంటె నెఱిఁగినవాఁడు లేఁడు. నల్లని నువ్వులు తేలుచున్న యా నీటిని నతఁడు కొంతసేపు చూచెను. అక్క బ్రతికినన్నినాళ్ళు తమ్మునికి శ్రేష్ఠమైన నీటిని పోసెను. తమ్ముఁడామెకు తన చేతితో ముంచి, ఉన్న నీటిని ఉన్నట్లే పోసెను.